అంచుకు కలవని రవిక

కుడికన్ను మూస్తే ఆకుపచ్చ, ఎడమకన్ను మూస్తే నీలం. ఇంకోసారి చూద్దామంటే చీర లేదు, తలుపు మూసుకుంది. ఇప్పుడే నా కొడుకు రాజేశ్ ఇత్తడి తాంబాళం నెత్తిన పెట్టుకుని, డప్పులవాళ్లు ముందు నడుస్తుంటే, మేనమామ పెట్టే పెళ్లిచీరను నా ముందు నుంచే పెళ్లికూతురి గదిలోకి తీసుకుపోయాడు. నేను ఆ గది బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. నల్లద్దాలు తీసి ఒడిలో పెట్టుకున్నాను, ఇవాళ్టి నుంచి అవి అక్కర్లేదని దవాఖానలో చెప్పారు. తీయకపోతే బాగుండేది. తాంబాళంలో పసుపుకొమ్ముల పక్కన, ఎండు కుడుకల పక్కన, మడతపెట్టిన ఆ గద్వాల చీర వాన వెలిసిన తర్వాతి ఆకాశంలా నిండు నీలంగా ఉంది. అంచు గులాబీ. నేను కొన్నది ఆకుపచ్చ చీర. మోదుగుపువ్వు రంగు అంచున్న ఆకుపచ్చ చీర. కొత్తకోట దుకాణంలో అంతమంది ముందు దాని మీద చెయ్యి వేసి ఇదే అన్నది నేనే. అప్పటికి నా రెండు కళ్లకూ పొర కమ్మి ఉంది. ఆ సంగతి నాకు తెలియదు, ముసలితనంలో లోకమే కొంచెం పాతబడుతుందేమో అనుకున్నాను, గోడలు, పాలు, అన్నం, అన్నీ. పోయిన నెల కుడికంటికి ఆపరేషన్ చేశారు. ఎడమది ఇంకా పాతకన్నే. అందుకే ఒక్క చీర రెండు చీరలైంది.

లోపల నా మనవరాలు నిరోష ఉంది, నా కూతురు స్వరూప బిడ్డ, మా ఇంట్లోనే పెరిగింది. అది ఆ చీర కట్టుకుని ఈ తలుపులోంచి వస్తుంది, మండపంలో కూర్చుంటుంది, పొద్దు వాలే వేళకు అదే చీరతో షాద్‌నగర్‌లోని ఈ ఫంక్షన్ హాలు గేటు దాటి కొత్తకోటకు, అత్తవారింటికి పోతుంది. నీలంలో పోతుంది. గులాబీలో పోతుంది. నీలంలో పోయిన మనిషి నా దగ్గరికి తిరిగి రాలేదు, గులాబీలో పోయిన మనిషీ రాలేదు. ఆ రెండు రంగులూ మా ఇంటి ఆడపిల్లల ఒంటి మీద పడకుండా ఇన్నేళ్లూ కాపలా కాశాను, రిబ్బను దగ్గర నుంచి గాజుల దాకా. చివరికి ఆ రెండింటినీ ఒకే చీరలో ఏరి నా చేత్తోనే నిరోషకు ఇచ్చాను. ముహూర్తానికి ఇంకా గంట ఉందంటున్నారు. గంటలో చీర మార్చవచ్చు. వేరే చీరలు లేవా ఏమిటి, పెళ్లంటేనే చీరలు. లేచి తలుపు కొట్టాలి. కొడితే ఏమని చెప్పాలి, పెళ్లినాడు ఆ పిల్ల ముఖం మీద నా భయం తీసుకుపోయి పూయాలా.

ఎదురుగోడ మీద కాగితం అంటించారు, పూలు తెంపరాదు, చెప్పులు ఇక్కడ విడువరాదు. కొత్త కంటితో ఇక్కడి నుంచే చదవగలుగుతున్నాను, అక్షరాలు కడిగి ఆరబెట్టినట్టున్నాయి. అక్షరాలు నాకు ఎవరూ నేర్పలేదు. దేవరకొండ బస్టాండులో బస్సుల నెత్తిన ఉండే బోర్డులు చూసి నేర్చుకున్నాను. ఎవరెవరు ఎక్కడికి పోతున్నారో తెలుసుకోవాలని ఉండేది. ఆ తర్వాత బెల్లం పొట్లం విప్పినా దాని మీద ఏముందో చదివి గాని పారేసేదాన్ని కాదు. మా ఆయన బీరన్న పోయింది బస్సులో కాదు, గొర్ల వెంట. ఎండాకాలం మేత లేక మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోతుంటే ఊరి బయట బండ మీద నిలబడి చూశాను. నీలం లుంగీ, భుజాన నల్ల గొంగడి, తలకు ఎర్ర రుమాలు. కొంచెం దూరం పోయేసరికి ముందు లుంగీ కనిపించకుండా పోయింది, గుట్టల నీలంలో కలిసిపోయింది, ఆ తర్వాత గొంగడి, ఆఖరికి రుమాలు ఒక్కటే చీమంత ఎర్రగా కదిలింది. అక్కడ జ్వరం వచ్చిందట. మంద తిరిగొచ్చింది, మనిషి రాలేదు. ముందు మాయమైంది నీలమే కదా అని ఆ రంగు మీద నింద వేశాను. ఎర్రను ఏమీ అనలేదు. మనసు ఎట్లా లెక్క కడుతుందో ఎవరికి తెలుసు. మా గొర్లకు గుర్తు పెట్టే రంగు ఏరేదాన్ని కూడా నేనే. నల్లబొచ్చు మీద ఎర్రమట్టి జాజు పూస్తే దగ్గరగా వస్తే తప్ప తెలియదని, పసుపుపచ్చ పూయించాను. నాలుగు మందలు కలిసిపోయిన రోజున మావి గుట్ట మీది నుంచే కనిపించేవి. బీరన్న నవ్వేవాడు, గొర్లకు గూడ చీరలు కట్టిస్తవా అని.

గులాబీ మా చెల్లెలు హనుమమ్మది. ఎడ్లబండి మీద కూర్చుని అత్తగారింటికి పోతూ మలుపు దాకా వెనక్కి తిరిగి నవ్వుతూనే ఉంది, కొంగు గాలికి ఎగురుతోంది, ఆ గులాబీ రంగు తుమ్మచెట్ల మధ్య కనిపించి, మాయమై, కనిపించి, మాయమైంది. మొదటి కాన్పు దాటలేదు. అప్పటి నుంచి పెళ్లిచీరల దుకాణంలో గులాబీ మడత విప్పితే చాలు, అటు తీసెయ్ నాయినా అనేదాన్ని. ఇట్లా ఒక్కొక్క రంగు పక్కకు తీసేస్తూ, మిగిలినవాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తూ చూస్తూ, నాకే తెలియకుండా రంగులు ఏర్చడం వచ్చింది. ఏ పచ్చకు ఏ ఎరుపు, సపోటా రంగు మీద ఏ అంచు చచ్చిపోతుంది, వంకాయ రంగుకు మామిడిపండు రవిక ఎందుకు నప్పుతుంది. బతుకమ్మకు గునుగుపూలు అద్దకం వేసేటప్పుడు కూడా ఆడవాళ్లు నన్ను అడిగేవాళ్లు, తంగేడు మీది వరుస ఏది పెట్టాలె అక్కా అని. మా పల్లెలో ఏ పిల్ల పెళ్లి కుదిరినా నన్ను ఆటో ఎక్కించుకుని దుకాణానికి తీసుకుపోవడం ఆనవాయితీ అయింది. సోమమ్మ చెయ్యి మంచిది అన్నారు. అది చెయ్యి కాదు, భయం. పోయే పిల్ల తిరిగి వచ్చే రంగు ఏదో వెతుకుతూ ఉండేదాన్ని, అంతే.

ఈ చీరకు రవిక గుడ్డ తీసిన రోజు కళ్ల ముందుకు వచ్చింది. మ్యాచింగ్ సెంటర్‌లో గోడ నిండా రవిక గుడ్డల తానులు, నేల నుంచి కప్పు దాకా. అక్కడి ట్యూబులైట్లను నేను ఎన్నడూ నమ్మలేదు, అవి ప్రతి రంగుకూ ఒక అబద్ధం నేర్పుతాయి. ఎప్పటిలాగే చీర చెరగు, రవిక గుడ్డ రెండూ పట్టుకుని మెట్లు దిగి రోడ్డు మీద ఎండలో నిలబడ్డాను. అంచు మోదుగుపువ్వు, గుడ్డ మోదుగుపువ్వు, ఒకే చెట్టున పూసినట్టు కలిశాయి. చూడండే అన్నాను. స్వరూప మాట్లాడలేదు, మా పక్కింటి గుర్వమ్మ మాట్లాడలేదు, దుకాణపాయన నోరు తెరిచి అవ్వా ఇది అని ఏదో అనబోతే స్వరూప అతని వైపు ఒక చూపు చూసింది, అతను నోరు మూసుకున్నాడు. ఆ మౌనం చూసి నా ఎంపికకు ముచ్చటపడి వాళ్లకు మాట రాలేదనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది. గులాబీ అంచున్న నీలం చీరకు మోదుగుపువ్వు రవిక పట్టుకుని నడిరోడ్డు మీద నిలబడ్డాను. ఎండ ఏం చేస్తుంది, కంట్లోనే పసుపు కలిసి ఉంటే. నీలంలో పసుపు పడి పచ్చ అయింది, గులాబీలో పసుపు పడి మోదుగు అయింది. ఎవరి పెళ్లికీ ఇంత పసుపు కలపలేదు నేను.

"సోమక్కా, గిట్ల కన్ను కొట్టుకుంట కూసున్నవేంది. పెళ్లికొడుకు దిక్కు ముసలాయన ఇటే చూస్తాండు."

గుర్వమ్మ రెండు చాయ్ కప్పులు పట్టుకుని వచ్చింది. నేను ఒక కన్ను మూసి ఇంకో కంటితో దాని చీర చూశాను, మూసిన కన్ను మార్చి మళ్లీ చూశాను. పాతకంటికి గోధుమరంగు, కొత్తకంటికి పండు వంకాయ.

"గా చీర ఏ రంగే."

"ఏ చీర."

"పిల్లది. తెల్వనట్టు అడుగకు."

"నువ్వు తెచ్చిన చీర నన్నడుగుతవేంది. చాయ్ తాగు, సల్లారుతాంది."

"గుర్వమ్మా."

అది ఒక గుటక మింగి, కప్పులోకి చూస్తూ అంది, "నీలం."

"అంచు."

"జర చాయ్ తాగరాదు ముందుగాల."

"అందరికెరికేనా."

"ఊరందరికెరికే. మా బర్రెకు గూడ ఎరికే. ఇదొక్కటేనా అక్కా, నా మనుమని తొట్టెల నాడు నువ్వు తెల్లదని ఇప్పించింది నిమ్మపండు చీర. మన ఊరి భిక్షపతి చెల్లె పెండ్లికి నల్లదని అవతల పారేసినవే, అది సముద్రం నీలం, దుకాణపోడు ఏడ్వలేదు గని."

"నోట్లె మన్ను వోసుకున్నరా, ఒక్కరన్న చెప్పకపోతిరి."

"ఏం చెప్పాలె. నువ్వు ఏరిన చీర కట్టుకొని పోయిన పిల్లలు సల్లగున్నరు, పండుగకొస్తున్నరు, పోతున్నరు. రంగుదేమున్నదని ఊకున్నం." దాని పొట్ట కదులుతోంది, నవ్వు ఆపుకుంటోంది. "నిమ్మపండు చీర గూడ మంచిగనే ఉన్నది తియ్. మా వియ్యపురాలు ఎక్కడ తెచ్చినవని ఇప్పటికడుగుతది."

నాకూ నవ్వు రావాలి, వచ్చింది కూడా, చాయ్ ముక్కులోకి పోయింది. కానీ నవ్వు కింద ఆ నీలం అట్లాగే ఉంది. పోయిన ఏడు నిరోష ఇక్కడే బట్టల డిజైను చదువు చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు ఒక అట్టచక్రం తెచ్చింది, దాని మీద రంగులన్నీ గుండ్రంగా కూర్చుని ఉన్నాయి, పెళ్లి బంతిలో కూర్చున్నట్టు. అవ్వా చూడు, ఎదురెదురుగ ఉన్న రంగులను పక్కపక్కన వెడితే రెండూ మెరుస్తయి, పక్కపక్కన ఉన్నవి అక్కచెల్లెండ్ల లెక్క కలిసుంటయి, అయితే ఒకటి ఎక్కువుండాలె, ఒకటి జరంత ఉండాలె, సమానమైతే కొట్లాడుకుంటయి అని చెప్పింది. నలుపు, తెలుపు ఏవి, మా గొంగడి ఏదీ అని అడిగాను. వాటికి ఈ చక్రంలో జాగా లేదు, అవి ఎవరింటికి పోయినా నడుస్తది అంది. వేలు పెట్టి తిప్పాను, నీలం ఎక్కడుందో దానికి ఎదురు ఏముందో అప్పుడు నాకు కనిపించిందా, కనిపించిన రంగు కనిపించవలసిన రంగేనా. ఆ పిల్ల నా వేలి వైపు ఒకసారి, నా ముఖం వైపు ఒకసారి చూసి, చక్రం సంచిలో పెట్టేసింది. ఆ తర్వాత వారానికే నన్ను కంటి శిబిరానికి తీసుకుపొమ్మని రాజేశ్ వెంట పడింది. అంటే అప్పుడే పట్టుకుందన్న మాట. పట్టుకుని, నేను వాయిదాలు వేస్తూ పోతే తిట్టకుండా, నేను ఏరిన చీరకు మళ్లీ ఏమీ అనకుండా రవిక కుట్టించుకుంది.

లేచాను. తలుపు కొట్టాను. స్వరూప సందు చేసి చూసింది, నోట్లో పిన్నీసులు.

"అమ్మా, ఇంక కాలేదు. ఏం గావాలె."

"చీర."

దాని ముఖం మారిపోయింది. నా ముఖం మీద నల్లద్దాలు లేవని చూసింది. పిన్నీసులు చేతిలోకి తీసుకుని పక్కకు జరిగింది. లోపల అద్దం ముందు నిరోష లంగా మీద నిలబడి ఉంది, మోదుగుపువ్వు రవిక తొడుక్కుని, జడ వేసుకుని, చెవులకు కమ్మలు. రెండు చీరలు మంచం మీద పరిచి ఉన్నాయి. ఒకటి తాంబాళంలో వచ్చిన నీలం. రెండోది ఆకుపచ్చ. మోదుగుపువ్వు అంచు. కుడికన్ను మూశాను, ఎడమకన్ను మూశాను, ఆ రెండోది రెండు కళ్లకూ ఆకుపచ్చే.

"ఇది ఏడికెళ్లి వచ్చింది."

"నేనే కొన్న అవ్వా," అంది నిరోష. "నువ్వు ఫోన్ల అందరికి చెప్పినవు గద, పచ్చచీర, మోదుగుపూల అంచు అని. గట్లాంటిదే దొరికేదాక తిరిగిన. నీ కన్ను మంచిగయితది, నిజం చూస్తవు, చూసి లోపల లోపల కుములుతవు, నాకెరికే. నీలం గట్టినంక నీకు అన్నం పోదు."

"నీకేది ఇష్టం."

"నాకు నీలం ఇష్టం. చిన్నప్పటి సంది. ఒక్క రిబ్బను కట్టుకోనిచ్చినవా నువ్వు." అది కోపంగా అనలేదు, కమ్మ సర్దుకుంటూ అంది. "గని నువ్వే చెప్పాలె. నువ్వు పచ్చ అంటె పచ్చ కట్టుకుంట, ఫికర్ జెయ్యకు. రవిక దేనికన్న నడుస్తది."

"అమ్మా, జల్ది చెప్పు, టైం పోతాంది," అని స్వరూప గొణిగింది.

ఆకుపచ్చ చీర నా ముందుంది, నేను కోరుకున్నట్టే, ఎవరినీ తీసుకుపోని రంగు, రవిక అంచులో దిగిపోయి అంచే అయినట్టు కలిసిపోయింది, చూపు ఎక్కడా ఆగదు, జారిపోతుంది. పక్కన నీలం. దాని మీద నిరోష చెయ్యి ఆనించి ఉంది, మోచేతి దాకా మోదుగు రంగు, ఆ చెయ్యి ఉన్న చోట నీలం ఇంకొంచెం నీలమైంది, రవిక నిప్పులా లేచింది, నడుమ సన్నగా గులాబీ, ఇద్దరి మధ్య చెయ్యి పట్టుకుని నడిచే చిన్నపిల్లలాగా. రవిక అంచుకు కలవలేదు. కలవకపోవడమే దాని అందం. నా పాతకన్ను ఈ మూడింటినీ ఎన్నడూ ఒక చోట నిలబెట్టేది కాదు, నా భయం అసలే నిలబెట్టేది కాదు.

చిన్నప్పటి సంది అంటోంది ఈ పిల్ల. ఒక్క రిబ్బను కట్టనివ్వలేదు, నిజమే, కానీ బడి లంగా ఏ రంగు. నీలమే. సర్కారు బడి, నీలం లంగా, తెల్ల చొక్కా, నేను వద్దంటే సర్కారు వింటుందా. ఎండాకాలం సెలవులు తప్ప రోజూ పొద్దున ఆ నీలం మా గల్లీ మలుపు తిరిగిపోతుంటే అరుగు మీద నిలబడి లోపల లోపల వణికేదాన్ని. మరి సాయంత్రం. సాయంత్రం అదే మలుపులోంచి అదే నీలం పరుగెత్తుకుంటూ వచ్చేది, ఒక జడ ఊడిపోయి, లంగా నిండా దుమ్ము, అవ్వా ఆకలైతాంది అంటూ. ఒక్క రోజు కూడా రాకుండా ఉండలేదు. పోయిన నీలం ఒక్కటి నాకు జ్ఞాపకముంది, వచ్చిన నీలాలు అన్నన్ని ఉంటే ఒక్కదాన్నీ లెక్కలోకి తీసుకోలేదు. పొద్దునవన్నీ దాచుకుని సాయంత్రాలను పారేసుకున్నాను. గులాబీ కూడా, గులాబీ అంటే బండి ఒక్కటేనా, ఆ ముందు రోజు మధ్యాహ్నం హనుమమ్మ కొత్తచీర విప్పి, ఇద్దరి నెత్తుల మీదా కప్పి, నడిఎండలో వాకిట్లో కూర్చోబెట్టింది కదా. చీర లోపల అంతా గులాబీ వెలుతురు. దాని పళ్లు గులాబీ, నా చేతులు గులాబీ, కోడి ఒకటి అటు పోతే దాని నీడ కూడా గులాబీ. ఊపిరాడక నవ్వాం. బయటినుంచి అమ్మ పిలిచినా పలకలేదు. ఇది ఎక్కడ పెట్టాను ఇన్నేళ్లు.

"నీలం కట్టు," అన్నాను.

నిరోష అద్దం వదిలి నా వైపు తిరిగింది.

"నిజంగ అంటున్నవా అవ్వా. మల్ల ఏడ్వవు గదా."

"ఏడిస్తె ఏడుస్త. ఏడ్వకుంట పెండ్లి చేస్తరా ఎవరన్న. కుచ్చిళ్లు నేను వెడత, మీ అమ్మకు చాతగాదు."

"నాకు చాతగాదంట," అంది స్వరూప. "నేనుగూడ నీలం కట్టుకోకనే ముసలిదాన్నయితి నీ పుణ్యాన." అంటూనే ఆకుపచ్చ చీర తీసి తన భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంటోంది. నిరోష దాన్ని చూసి కిలకిల నవ్వింది, నీకు నప్పదు, నీకు రాణీరంగు కొనిస్త అంది. గడియ వెయ్యని తలుపులోంచి గుర్వమ్మ తొంగి చూసింది, మీ ముగ్గురు నవ్వుకుంట కూసుంటె అవతల అయ్యవారు రెండుమాట్లు అడిగిండు అంది. నేను కింద కూర్చుని కుచ్చిళ్లు ఒక్కొక్కటే మడిచాను. పట్టు వేళ్ల మధ్య నుంచి చల్లగా జారింది. రెండు కళ్లూ తెరిచే చూశాను.

తలుపు తీశారు. డప్పులు అందుకున్నాయి. మేనమామ రాజేశ్ ఒక పక్కన, స్వరూప ఒక పక్కన, పైన నలుగురు దుప్పటి పట్టుకుంటే నిరోష తల వంచి నడిచింది. నేను గుమ్మంలో ఆగిపోయాను. నాకు అలవాటైన చోటు అది. అందరూ ముందుకు పోతారు, నేను వెనక నిలబడి వీపులు చూస్తాను, ఏ రంగు ఎంత దూరంలో మాయమవుతుందో చూస్తాను. నీలం వీపు, దాని మీద జడ, పక్కల మోదుగు మోచేతులు. నాలుగడుగులు పోయింది. ఐదో అడుగు పడేలోపల నేను పక్కకు తిరిగాను. వంటవాళ్ల వైపు సందు ఉంది, పొద్దున చూసి పెట్టుకున్నది కాదు, అప్పుడే కనిపించింది. గంగాళాలు, తరిగిన వంకాయలు, ఎవరో అవ్వా తడి ఉన్నది పడతవు అన్నారు, పడలేదు, పుంటికూర బుట్ట దాటాను, భోజనాల బల్లల మధ్య నుంచి పోయాను, కుర్చీలు జరపండి నాయినా అన్నాను, పెళ్లికొడుకు వైపు ముసలాయన నిజంగానే లేచి దారి ఇచ్చాడు. ఊపిరి అందలేదు. మండపం ముందుకు చేరి, పూలదండల స్తంభం పట్టుకుని నిలబడ్డాను. పెళ్లికొడుకు సతీశ్ పీట మీది నుంచి నన్ను చూసి, ఏమైందవ్వా అన్నాడు. ఏంగాలేదు బిడ్డా, జర అటు జరుగు, నాకు మంచిగ కనబడాలె అన్నాను. అతను జరిగాడు.

అవతలి గుమ్మంలో ముందు దుప్పటి తెల్లగా కనిపించింది, దాని కింద ఎవరెవరో తెలియని గుంపు, ఆ తర్వాత గుంపు మధ్యలో చిన్నగా నీలం. అది పెద్దదవుతోంది. అంచు తెలిసింది, రవిక తెలిసింది, ముఖం తెలిసింది. నిరోష తల ఎత్తి, వెనక ఉండవలసిన అవ్వ ఎదురుగా ఎట్లా వచ్చిందా అని చూస్తూ, నవ్వుతూ, నా వైపే నడిచి వస్తోంది.